అడగందే అమ్మైనా పెట్టదు

చదువు కోసం దేశం దాటి, ముక్కూ మొహం ఎరగని కుటుంబంలో ఒకరిగా చేరే పిల్లలకు మొదటి పరీక్ష పెట్టేది ఇంగ్లిషో, చలిగాలో అనుకుంటాం. నిజానికి మొహమాటం! హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో తొలి రోజులు ఎలా ఉంటాయి? వాటికి ఇక్కడి నుంచే ఎలా సిద్ధపడాలి?

ఆగస్టులో అమెరికా బడులు తెరుచుకుంటాయి. దానికి కొద్ది రోజుల ముందు అక్కడి విమానాశ్రయాల్లో, స్కెచ్ పెన్నులతో పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడిన కుటుంబాలు కనిపిస్తుంటాయి. వాళ్లు ఎదురుచూసేది చుట్టాల కోసమేమీ కాదు. ఫొటోలోనూ వీడియో కాల్‌లోనూ తప్ప ఎన్నడూ చూడని పదిహేను, పదహారేళ్ల పిల్ల కోసమో పిల్లాడి కోసమో. ఆ సాయంత్రం మొదలు ఇంచుమించు పది నెలలు ఆ ఇల్లే తన ఇల్లు, ఆ ఊరి హైస్కూలే తన బడి.

మన దగ్గర విదేశీ చదువు అనగానే గుర్తొచ్చేది ఎమ్మెస్. శంషాబాద్‌లో విమానం ఎక్కిన కుర్రాడు డాలస్‌లోనో షికాగోలోనో దిగేసరికి, వాట్సాప్ గ్రూపులో పరిచయమైన మరో తెలుగు కుర్రాడు కారుతో సిద్ధంగా ఉంటాడు. నలుగురు కలిసి అద్దెకుండే అపార్ట్‌మెంట్, వంతులవారీ వంట, పప్పూ అన్నం, ఆదివారం బిర్యానీ. దేశం మారినా ఇంటి లోపలి లోకం మారదు. హోస్ట్ ఫ్యామిలీతో ఉండటంలో మారేది సరిగ్గా ఆ లోపలి లోకమే. అందుకే అది కష్టం. అందుకే అది కూడా చదువే.

ఈ దారిన వెళ్లేది డబ్బున్నవాళ్ల పిల్లలేనని అనుకోనక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో నడిచే కెన్నెడీ-లూగర్ 'యస్' కార్యక్రమానికి తెలుగు రాష్ట్రాల సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా ఎంపికయ్యారు. హాస్టల్లో పెరిగిన ఆ పిల్లలకు సొంతింటికి దూరంగా ఉండటం అలవాటే. ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి బిడ్డలా ఉండటమే కొత్త.

వారాల కాలం నుంచి...

చదువు కోసం పరాయి ఇంట తినడం తెలుగువాళ్లకు తెలియని సంగతి కాదు. ఒకప్పుడు పట్నాల్లో పేద విద్యార్థులు 'వారాలు' చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. ఏడిళ్ల అన్నంతో చదువు గట్టెక్కించేవారు. దానికి కులం కట్టుబాట్లూ ఉండేవి. అయితే వారాల కుర్రాడు భోజనం వేళకు వచ్చి వెళ్లేవాడే తప్ప ఆ ఇంటి మనిషి కాడు. పెట్టింది తినడం, తల వంచుకుని విస్తరి తీసుకుని లేవడం వరకే అతని హద్దు.

ఇంట్లో మనిషిగా ఉంటేనే ఒక దేశం అర్థమవుతుందన్న ఆలోచనను పద్ధతి ప్రకారం అమల్లో పెట్టినవాళ్లలో డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ ఒకరు. ఆయన 1932లో 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' అనే సంస్థను మొదలుపెట్టాడు. దాని ద్వారా 1934లో జర్మనీ వెళ్లి అక్కడి కుటుంబంతో గడిపిన కుర్రాళ్లలో సార్జెంట్ ష్రైవర్ ఉన్నాడు. 1961లో ఏర్పడిన అమెరికా స్వచ్ఛంద సేవాదళం పీస్ కోర్‌కు తొలి డైరెక్టర్ ఆయనే. ఈ రంగంలో పెద్ద సంస్థ అయిన అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ (ఏఎఫ్‌ఎస్) కథ ఇంకా విచిత్రం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను మోసిన అంబులెన్స్ డ్రైవర్ల దళం అది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆ దళం డ్రైవర్లే, యుద్ధాలు రాకుండా ఉండాలంటే ఒక దేశపు పిల్లలు మరో దేశపు ఇళ్లలో పెరగాలని విద్యార్థుల మార్పిడికి పూనుకున్నారు. 1947లో తొలి జట్టు అమెరికా చేరింది.

'యస్' పుట్టుకకూ అలాంటి నేపథ్యమే ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ చొరవతో అమెరికా విదేశాంగ శాఖ దీన్ని ప్రారంభించింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లలు అమెరికన్ ఇళ్లలో ఏడాది గడపాలన్నది ఉద్దేశం. ఆ జాబితాలో భారతదేశమూ చేరింది. మతంతో నిమిత్తం లేకుండా ఇక్కడి పిల్లలు పోటీ పడవచ్చు.

జీతం లేని తల్లిదండ్రులు

ఇలా హైస్కూలు విద్యార్థులను ఇంట్లో పెట్టుకునే అమెరికన్ కుటుంబాలకు ఎవరూ డబ్బులివ్వరు. తిండి, గది, రోజూ రాకపోకలు వాళ్ల ఖర్చే. పన్ను లెక్కల్లో నెలకు 50 డాలర్ల వరకు మినహాయింపు చూపుకోవచ్చు, అంతే. మరెందుకు పెట్టుకుంటారు? కొందరికి తమ పిల్లలు లోకం చూడాలన్న కోరిక. కొందరు తామే ఒకప్పుడు వేరే దేశంలో అలా ఉండి వచ్చినవాళ్లు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోగా ఇల్లు బోసిపోయిన దంపతులు ఇంకొందరు.

వాళ్లను ఎంచుకోవడానికి కచ్చితమైన నిబంధనలున్నాయి. ఆ ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నేరచరిత్ర తనిఖీ జరగాలి. నిర్వాహక సంస్థ మనిషి స్వయంగా వెళ్లి ఇల్లు చూడాలి. విద్యార్థికి విడిగా మంచం ఉండాలి. గాలి పరుపు, సోఫా కమ్ బెడ్ పనికిరావు. ఆ సంస్థ తరఫున ఊళ్లో ఉండే లోకల్ కోఆర్డినేటర్ విద్యార్థితో ప్రతి నెలా మాట్లాడాలి. పిల్లలు లేని ఒంటరి వ్యక్తి ఇంట్లో ఉంచాలంటే విద్యార్థి, కన్న తల్లిదండ్రులు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

హోస్ట్ ఫ్యామిలీ అంటే సినిమాల్లో చూసే తెల్లజాతి అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలే కానవసరం లేదు. ఒంటరి తల్లి కావచ్చు, నల్లజాతి కుటుంబం కావచ్చు, మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కావచ్చు, రిటైరైన టీచర్ కావచ్చు. ఊరు న్యూయార్కే కానక్కర్లేదు. చుట్టూ మైళ్ల కొద్దీ మొక్కజొన్న చేలు తప్ప మరేమీ లేని అయోవా పల్లె కావచ్చు. అమెరికా వెళ్తున్నానని ఊరంతా చెప్పుకున్న పిల్లకు, మన మండల కేంద్రం కంటే చిన్న ఊళ్లో దిగడమే తొలి ఆశ్చర్యం.

రెండో మాట లేదు

ప్రయాణ బడలికతో ఇల్లు చేరిన పిల్లను హోస్ట్ మామ్ అడుగుతుంది: "ఆకలేస్తోందా?" మన పిల్ల తడుముకోకుండా చెప్పే జవాబు: "లేదు, ఫర్వాలేదు." మన ఇళ్లలో ఆ జవాబుకు విలువ లేదు. "నీ మొహం, రా కూచో" అంటూ కంచం పెట్టేస్తారు. మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి నవ్వడం అలవాటు, మూడోసారి కూర్చోవడం ఆనవాయితీ. అక్కడ అడిగేది ఒకసారే. వద్దన్నావంటే వద్దనే అర్థం. బలవంతం చేయడం నీ ఇష్టాన్ని కాదనడమని వాళ్ల లెక్క. దాంతో ఇద్దరూ మర్యాదగానే ఉంటారు, ఒకరు మాత్రం ఖాళీ కడుపుతో పడుకుంటారు.

తెల్లవారుజామున అసలు కథ మొదలవుతుంది. ఆగస్టులో షికాగో గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 2 గంటలైతే ఇక్కడ మధ్యాహ్నం 12.30. శరీరం ఇంకా ఇక్కడి లెక్కలోనే ఉంటుంది గనుక సరిగ్గా భోజనం వేళకు మెలకువ వస్తుంది. ఇల్లంతా చీకటి. కింద వంటగదిలో నిండుగా ఫ్రిజ్. "నీకేం కావాలంటే అది తీసుకో" అని సాయంత్రమే చెప్పారు. అయినా చెయ్యి వెళ్లదు. ఒకరింట్లో అడగకుండా ఫ్రిజ్ తెరవడం దొంగతనమన్నట్టే పెరిగాం మరి.

ఈ ఇబ్బంది ఇవాళ్టిది కాదు. 1888లో లండన్ చేరిన గాంధీ, వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో డబ్బు కట్టి బస చేశారు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్లిన మనిషి. భోజనంలో రెండు మూడు రొట్టె ముక్కలకు మించి అడగడానికి సిగ్గుపడి ఆకలితోనే గడిపానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఇంటి కూతుళ్లు కొసరి మరో ముక్క వడ్డించేవారట. మొత్తం రొట్టె ఇస్తే తప్ప నిండని కడుపని వాళ్లకేం తెలుసు? చివరికి ఆయన రోజూ మైళ్ల కొద్దీ తిరిగి ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార హోటల్ కనిపెట్టాకే కడుపు నిండింది. సామ్రాజ్యాన్ని నిలదీయబోయే మనిషి అప్పట్లో ఇంకో రొట్టె ముక్క అడగలేకపోయారు.

కాబట్టి మొదటి రాత్రే అడగాల్సిన ప్రశ్న ఇది: "రాత్రి మెలకువ వచ్చి ఆకలేస్తే నేనేం తీసుకోవచ్చు?" హోస్ట్ మామ్‌కు ఆ ప్రశ్న భారం కాదు. తన పని తేలిక చేసిన పిల్ల అని సంతోషిస్తుంది.

శాకాహారుల సంగతి దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. గుడ్డు తింటారా, చేప తింటారా, ఒకే గిన్నెలో మాంసం పక్కన వండింది తింటారా, అన్నీ విడివిడిగా. కూరగాయల సూప్ అనిపించేదాంట్లో చికెన్ నీళ్లుండవచ్చు. చాలా జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. గొడ్డుమాంసం, పందిమాంసం తిననివాళ్లూ ముందే చెప్పాలి. ఇంటివాళ్లు ప్రేమగా వండి వడ్డించాక చెబితే ఇద్దరికీ బాధే.

తడి నేల, మూసిన తలుపు

తొలి వారంలో వచ్చే తగువులన్నీ చిన్నవే. స్నానాల గదిలో మగ్గూ బకెట్టూ ఉండవు. చాలా ఇళ్లలో ఆ గది నేలకు నీళ్లు పోయే తూము కూడా ఉండదు. షవర్ కర్టెన్ అంచు తొట్టి లోపలికి వేసుకోకపోతే నీళ్లన్నీ నేల మీదికొచ్చి, కింది అంతస్తు పైకప్పు నానుతుంది. తలకు కొబ్బరి నూనె పెట్టుకుని పడుకుంటే తెల్ల దిండు గలీబు మీద మరకలు పడతాయి. పాత తువ్వాలు ఒకటి దిండు మీద పరుచుకుంటే సరిపోయే సమస్య. కుక్క సోఫా మీదే పడుకుంటుంది. భయముంటే చెప్పాలి, అలర్జీ ఉంటే ఇల్లు కేటాయించకముందే చెప్పాలి.

పిలుపు దగ్గర కూడా నాలుక తడబడుతుంది. నలభై ఐదేళ్ల ఆవిడను పేరు పెట్టి పిలవమంటారు. మన పిల్లలకు నోరు రాదు. 'ఆంటీ' అంటే వాళ్లకు కొత్త. 'మామ్' అందామంటే కన్నతల్లి గుర్తొస్తుంది. దాంతో కొందరు ఎలాగూ పిలవకుండా, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడి రోజులు నెట్టుకొస్తారు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని మొదటి రోజే అడిగితే ఆ చిక్కు ఉండదు.

అమ్మకు థ్యాంక్స్ చెప్పే అలవాటు మనకు లేదు. చెబితే "నాకెందుకురా" అని నవ్వుతుంది. అక్కడ అన్నం పెట్టినా, బడి దగ్గర దింపినా ఆ మాట వినిపించకపోతే కృతజ్ఞత లేని పిల్లనుకుంటారు. అలాగే తిన్న పళ్లెం కడిగి డిష్‌వాషర్‌లో పెట్టడం, చెత్త బయట పెట్టడం, గది ఊడ్చుకోవడం, బట్టలు ఉతుక్కోవడం ఆ ఇంటి పిల్లలు చేసే పనులే. అవి అప్పగించారంటే ఇంటి మనిషిని చేసుకున్నారని అర్థం. తిన్న కంచం తీసే అలవాటు కూడా లేకుండా పెరిగిన మన మగపిల్లలకు మాత్రం ఇక్కడ పెద్ద పాఠమే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ అపార్థాలు తెచ్చేది మూసిన తలుపు. బడి నుంచి రాగానే గదిలో దూరి, తలుపేసుకుని, ఇంటికి వీడియో కాల్. అక్కడ సాయంత్రం 5 గంటలంటే ఇక్కడ తెల్లవారుజామున 3.30. అయినా అమ్మ నిద్రపోకుండా కాచుకుని ఉంటుంది. బయట హాల్లో కూర్చున్న కుటుంబానికి వినిపించేది అర్థంకాని భాషలో ఏడుపు. తమ ఇల్లు నచ్చలేదని వాళ్లు అనుకుంటారు. తమతో కబుర్లకు ఆహ్వానించడానికి సందు దొరకదు. బెంగ తగ్గడానికి చేసిన ఫోనే బెంగను పెంచి పోషిస్తుంది.

తొలి రోజులే గడ్డు కాలం

కొత్త దేశం వెళ్లినవారికి మొదట్లో అంతా అద్భుతంగా ఉంటుందని, కొన్ని నెలలకు నీరసం వస్తుందని, తర్వాత కుదుటపడుతుందని చాలా ఓరియెంటేషన్ తరగతుల్లో చెబుతారు. మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్ 1950ల్లో 'కల్చర్ షాక్' గురించి చెప్పిన దశలు, 1955లో సామాజిక శాస్త్రవేత్త స్వెరె లిస్‌గార్డ్ ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంపై అమెరికా వెళ్లొచ్చిన నార్వే పండితులను అడిగి గీసిన 'యు' ఆకారపు గీత దీనికి మూలం. మనస్తత్వ శాస్త్రవేత్త కాలీన్ వార్డ్ బృందం 1998లో ఆ గీతను పరీక్షకు పెట్టింది. న్యూజీలాండ్ చేరిన జపాన్ విద్యార్థులను దిగిన 24 గంటల్లోనే కలిసి, తర్వాత ఏడాది పాటు గమనించింది. అత్యంత కష్టంగా ఉన్నది మొదట్లోనేనని తేలింది.

ఈ సంగతి తెలియడం మన పిల్లలకు ఎంతో మేలు. అందరూ తొలి వారం సంబరంగా ఉంటుందన్నారే, నాకొక్కదానికే ఏడుపొస్తోందేమిటని కుమిలిపోయే పని ఉండదు. ఆ దిగులు లోపం కాదు, మామూలు సంగతి.

భయం ఒకవైపే ఉంటుందనుకోవడమూ తప్పే. 1878లో 17 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్లిన రవీంద్రనాథ్ ఠాగూర్ లండన్‌లో డాక్టర్ స్కాట్ అనే ఆయన ఇంట్లో ఉన్నారు. భారతీయుడొస్తున్నాడని బెదిరి ఆ ఇంటి ఆడపిల్లలిద్దరు చుట్టాలింటికి వెళ్లిపోయారట. కుర్రాడివల్ల ప్రమాదమేమీ లేదని తెలిశాకే తిరిగొచ్చారు. కొన్నాళ్లకే ఠాగూర్ ఆ ఇంటి మనిషైపోయారు, మిసెస్ స్కాట్ కన్నకొడుకులా చూసుకుంది. హోస్ట్ ఫ్యామిలీ కూడా ఆ తొలి రాత్రి సరిగా నిద్రపోదు. వండింది తింటుందో లేదో, మనం మాట్లాడింది అర్థమైందో లేదోనని వాళ్ల కంగారు వాళ్లది.

జపాన్‌లో మరో పాఠం

అమెరికాలో నోరు తెరిచి చెప్పాలి. జపాన్‌లో కళ్లు తెరిచి చూడాలి. అక్కడి ప్రభుత్వం 2018లో 'ఆసియా కాకెహాషి' పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమం కింద మన దేశం నుంచీ హైస్కూలు పిల్లలు వెళ్లారు. గుమ్మం లోపల చెప్పులు విడవడం మనకు అలవాటే. టాయిలెట్‌కు వేరే స్లిప్పర్లుంటాయి, వాటితో హాల్లోకి వస్తే మాత్రం ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. ఒళ్లు బయటే శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే వేడినీళ్ల తొట్టిలో కూర్చోవాలి. ఆ నీళ్లలోనే ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు గనుక సబ్బు తగలకూడదు, చివర నీళ్లు వదిలేయకూడదు. ఇంటికి రాగానే 'తదాయిమా' అనాలి, లోపలి నుంచి 'ఒకాయెరి' అని జవాబొస్తుంది. ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలో కాగితం అంటించి ఉంటుంది. ఇవేవీ ఎవరూ గట్టిగా చెప్పరు. చూసి నేర్చుకోవాలి, అర్థంకాకపోతే మెల్లగా అడగాలి.

కుదరకపోతే?

అన్ని ఇళ్లూ కుదరవు. మనుషులు మంచివాళ్లే అయినా పొసగకపోవచ్చు. ముందు ఇంట్లోవాళ్లతో నేరుగా మాట్లాడాలి, తర్వాత లోకల్ కోఆర్డినేటర్‌తో. అప్పటికీ కాకపోతే ఇల్లు మార్చే ఏర్పాటు ఈ పద్ధతిలోనే ఉంది. ఇల్లు మారడం ఫెయిలవడం కాదు. మతం దగ్గరా ఇబ్బంది రావచ్చు. చర్చికి రమ్మని పిలిస్తే చూడటానికి వెళ్లొచ్చు, కానీ మతపరమైన ప్రార్థనల్లో పాల్గొని తీరాలన్న బలవంతం ఉండకూడదు.

అయితే సర్దుకుపోవడానికి ఒక గీత ఉంది. ఒంటి మీద చెయ్యి వేసినా, అసభ్యంగా మాట్లాడినా, తిండి పెట్టకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా అది అలవాట్ల తేడా కాదు. ఆ క్షణమే కోఆర్డినేటర్‌కు, బడిలో కౌన్సెలర్‌కు, అమెరికా విదేశాంగ శాఖ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. ఆ నంబర్లున్న కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి. పరువు పోతుందనో, వెనక్కి పంపేస్తారనో దాచుకోకూడదని తల్లిదండ్రులు ముందే పిల్లలకు నొక్కి చెప్పాలి.

ఐర్లాండ్, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండ్ లాంటి చోట్ల హోమ్‌స్టే ఎక్కువగా డబ్బు కట్టి ఉండే ఏర్పాటు. అక్కడ ఒప్పందం చదవాలి: రోజుకు ఎన్ని పూటల భోజనం, బట్టలుతికే వీలు, బడికి దూరం, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, కట్టిన డబ్బు వెనక్కొస్తుందా. డబ్బు కట్టాం కదాని హోటల్లా వాడుకుంటే మాత్రం ఆ ఇంటి నుంచి నేర్చుకునేదేమీ మిగలదు.

సూట్‌కేసుకు ముందు

కానుకగా కొండపల్లి బొమ్మో, ఏటికొప్పాక లక్కపిడతలో, పోచంపల్లి ఇక్కత్ టేబుల్ గుడ్డో పట్టుకెళ్తే బరువు తక్కువ, చెప్పడానికి కబుర్లెక్కువ. మాంసం పచ్చళ్లు అమెరికా కస్టమ్స్‌లో ఆగిపోతాయి, పెట్టకండి. 'యస్'లో వెళ్లినవాళ్లు చదువయ్యాక తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది, వలసకు దగ్గరి దారి అనుకోకండి. ఇలాంటి కార్యక్రమాలు ప్రభుత్వ నిధులతో నడిచేవి గనుక ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటన చూసుకునే దరఖాస్తు చేయాలి.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. వెళ్లడానికి ఆరు నెలల ముందు నుంచే పిల్లలతో ఒక వంట చేయించండి, వాళ్ల బట్టలు వాళ్లనే ఉతుక్కోనివ్వండి. "ఏం కావాలి?" అని అడిగినప్పుడు "ఏదైనా ఫర్వాలేదు" అంటే ఒప్పుకోకండి, కావాల్సింది నోటితో చెప్పించండి. వెళ్లాక వారానికొక ఫోన్ చాలు. "తిన్నావా?" అని రోజూ అడగడం కంటే, ఆకలేస్తే అడగడం నేర్పి పంపడమే మీరు చేయగలిగిన మేలు.